ఎర్రలైటు వెలిగిన ఆగస్టు

కరుంబే ఆనకట్టలో హాజరు యంత్రాలు బిగించడానికి బయలుదేరిన టెక్నీషియన్, బస్సు అక్కడికి చేరేలోపే చనిపోయాడు.

కిటికీ పక్కన తల వాల్చి కూర్చున్నవాణ్ణి చూసి నిద్రపోతున్నాడనుకున్నారు. కండక్టర్ భుజం తట్టాడు. మనిషి కదల్లేదు. ఒళ్ళో ఉన్న మాతే ఆకు కషాయం చెంబు ఇంకా వెచ్చగానే ఉంది. ఆ కషాయంలో ఉన్నది ఆకు ఒక్కటే కాదని సాయంత్రానికి లాబ్ రిపోర్టు వచ్చింది.

అదే సాయంత్రం పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లో, పాత మార్కెట్ వెనక, ఒక ఇస్త్రీ దుకాణం ముందు ఎలిహియో ఫ్లెచా నిలబడ్డాడు. చేతిలో నలిగిన చొక్కా ఉంది.

"చిపా రొట్టె వేడిగా ఉందా?" కౌంటర్ వెనక అమ్మాయి అడిగింది.

"నిన్నటిది. పళ్ళున్నవాడికి పర్వాలేదు."

కోడ్ సరిపోయింది. తెర తొలగింది. ఆవిరి కక్కుతున్న ఇస్త్రీ పెట్టెల మధ్య నుంచి నడిస్తే వెనక గది. అందులో రహస్య విభాగం చీఫ్ దోన్యా ఒబ్దూలియా యేగ్రోస్ కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. ఎందరో మంత్రులను చూసింది, అందరికీ సెల్యూట్ కొట్టింది, ఒక్కరికీ పూర్తి నిజం చెప్పిన పాపాన పోలేదు.

"కూర్చో. టైమ్ క్లాకుల గురించి నీకేం తెలుసు?"

"పొద్దున మొహం చూపించాలి, సాయంత్రం మొహం చూపించాలి. మధ్యలో పనిచేశామో లేదో దానికి తెలీదు."

"అయితే అంతా తెలిసినట్టే. రేపు కరుంబేలో హాజరు టెర్మినళ్ళు బిగించేది నువ్వే."

"వాటిని బిగించేవాణ్ణి చంపాల్సిన అవసరం ఎవరికి, చీఫ్?"

"ఆలస్యంగా వచ్చే ప్రతివాడికీ. కానీ విషం దాకా వెళ్ళేది ఒక్కరే. గార్సా ముఠా."

గార్సా అంటే కొంగ. ముఠాకి ఆ పేరు పెట్టినవాడెవడో గాని తగ్గట్టే పెట్టాడు. ఏళ్ళ తరబడి ఒంటికాలి మీద కదలకుండా జపం చేస్తుంది. చేప కనపడితే మాత్రం ముక్కు గురి తప్పదు. వాళ్ళది ఏ దేశమని అడిగితే, ఏ వారం పాస్‌పోర్టు చూశారన్నదాన్ని బట్టి ఉంటుంది జవాబు.

"కరుంబే గేట్లన్నీ ఒకేసారి ఎత్తేస్తారు," అంది చీఫ్. "దిగువన పిందో రేవు ఊరు మొత్తం మునిగిపోతుంది. ఆనకట్ట నడపడం ఈ దేశం వల్ల కాదని గోల లేస్తుంది. కారుచౌకగా కొనడానికి వాళ్ళ కంపెనీ సంతకాలు పెట్టుకుని కూర్చుంది."

"ఎప్పుడు?"

"తెలీదు."

"ఎవరు?"

"తెలీదు."

"ఎలా?"

"అదీ తెలిస్తే నిన్నెందుకు పంపుతాను, నేనే వెళ్ళి పట్టుకొస్తాను. లోపల మన మనిషి ఒకావిడ ఉంది. మీర్నా రెకాల్దే. సిబ్బంది వ్యవహారాల డైరెక్టర్. ఆవిడ తమ మనిషేనని ముఠా అనుకుంటోంది. జీతం ఇస్తున్నది మనం."

"వాళ్ళూ ఇస్తుంటారుగా."

దోన్యా ఒబ్దూలియా ఆ మాట విననట్టు ఒక థర్మాస్ ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. పరికరాల విభాగం వారి తాజా సృష్టి. అడుగున ట్రాన్స్‌మిటర్. మూత తిప్పితే చీఫ్‌తో మాట్లాడవచ్చు.

"నీళ్ళు వేడిగా ఉంచుతుందా?"

"అదొక్కటే కుదర్లేదట. ఏం పోసినా ఐసులా చల్లబరుస్తుంది."

అతను ఫ్లాస్కు సంచిలో వేసుకుని లేచాడు.

"ఏడాది కావస్తోంది, ఎలిహియో," అంది చీఫ్ వెనకనుంచి. "ఎలా ఉన్నావ్ నాయనా?"

"పని చేస్తున్నాను, చీఫ్."

"నేనడిగింది అది కాదు."

అతను తెర తొలగించుకుని బయటికి నడిచాడు. పోయిన ఆగస్టులో అతని భార్య నిల్సా న్యుమోనియాతో పోయింది. మొదటి వారం ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. ఆ తరవాత ఎదురుచూడటం కూడా మానేశాడు. తింటున్నాడు, రుచి తెలియదు. పడుకుంటున్నాడు, నిద్రపోయాడో లేదో తెలియదు. మార్చిలో ఒకడు గుండెకి తుపాకీ గురిపెడితే వాడి చొక్కాకి గుండీ ఊడిందన్న సంగతి ఒక్కటే గమనించాడు. విభాగంలో అందరూ దాన్ని ధైర్యం అన్నారు. మెడల్ కూడా ఇచ్చారు.

*

కరుంబేలో కంట్రోల్ రూమ్ కొండలో తొలిచిన గదిలా ఉంటుంది. ఒకటే ఉక్కు తలుపు. తలుపు బయట ఒక టెర్మినల్, లోపల ఒక టెర్మినల్. బయటిది పని మొదలెట్టేవాళ్ళకి, లోపలిది పని ముగించేవాళ్ళకి. ఎలిహియో వాటిని గోడకి బిగించి, కేబుల్ లాగి, సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేశాడు. ఏ టెర్మినల్ ఏ తలుపుది, ఎవరికి ఏ తలుపు తెరవాలి, ఎవరిది ఏ షిఫ్టు, అన్నీ ఒకటొకటిగా ఎక్కించాడు. బస్సులో కూర్చుని మాన్యువల్ చదివి నేర్చుకున్న విద్య. రాయబార కార్యాలయాల్లో తాళాలు తెరవడం ఇంతకన్నా సులువని అతనికి తోచింది.

షిఫ్టు పెద్ద దోన్ క్రిస్పులో సనాబ్రియా పొట్ట మీద చేతులు కట్టుకుని, మొదటి రోజు నుంచీ వెనకాలే నిలబడి వ్యాఖ్యానం చేస్తున్నాడు.

"ఏం బాబూ, ఇది మా మొహాలు గుర్తుపడుతుందా?"

"పడుతుంది, దోన్ క్రిస్పులో."

"మా ఆవిడ గుర్తుపట్టట్లేదు గదయ్యా ఈమధ్య. దీన్ని ఒకటి మా ఇంటిక్కూడా బిగించు."

వెనక ఉన్న ఆపరేటర్లు ఘొల్లుమన్నారు.

"ఆ గొట్టమేంటి, ఊదటానికా?" ఒకడు అడిగాడు.

"ఊపిరి పరీక్షకి. ఇంకా ఆన్ చెయ్యలేదు."

"చెయ్యకు. శుక్రవారం నా ఊపిరికి మిషను తూలి పడుద్ది."

ఎలిహియో నవ్వలేదు. నవ్వాల్సిన చోటని తెలుసు. మొహం మాట వినలేదు.

"ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి," అన్నాడు లోపలి టెర్మినల్ చూపిస్తూ. "గేట్ల పానెల్ దీనికి కలిపాను. డ్యూటీ ఎక్కినవాడి ఆదేశమే గేట్లు వింటాయి. లోపలి టెర్మినల్‌కి మొహం చూపించి డ్యూటీ దిగారా, ఆ క్షణం నుంచి మీ మాట చెల్లదు. సగంలో ఉన్న ఆదేశమైనా రద్దయిపోతుంది."

"అచ్చం మా ఇంటి పద్ధతే," అన్నాడు దోన్ క్రిస్పులో. "గడప దాటితే నా మాట ఎవడూ వినడు."

అందరి మొహాలూ ఎక్కించాక సాఫ్ట్‌వేర్ ఒక పరీక్ష ఉద్యోగిని సృష్టించమంది. అన్ని తలుపులూ తెరిచే అధికారంతో ఒక ఉత్తుత్తి పేరు. పని సరిగ్గా జరుగుతోందని చూసుకున్నాక తీసేయాలి. మొహం చోట తన మొహమే ఇచ్చాడు. పేరు చోట చేతులు వాటంతటవే నిల్సా అని కొట్టాయి. వేళ్ళకి అలవాటైన పేరు అదొక్కటే మరి.

"శుభోదయం, నిల్సా," అంది టెర్మినల్, తలుపు తెరుస్తూ.

పరీక్ష నెగ్గింది. తీసేసే బటన్ మీద వేలు పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. దుఃఖమేమీ రాలేదు, కానీ వేలు కూడా కిందికి దిగలేదు. చివరికి స్క్రీన్ మూసేసి టూల్‌బాక్స్ సర్దుకున్నాడు.

*

మీర్నా రెకాల్దే అతన్ని సరస్సు ఒడ్డున ఉన్న క్లబ్బుకి భోజనానికి పిలిచింది.

ఆకుపచ్చ సిల్కు గౌను, నల్ల కళ్ళద్దాలు. ఆమె నడిచి వస్తుంటే వెయిటర్ ఒకడు సురుబీ చేప పులుసు పక్క టేబుల్ మీద ఒలకబోశాడు. ఎలిహియోకి ఆ ఒలికిన పులుసే ముందు కనిపించింది.

"చిపా వేడిగా ఉందా?" అందామె కూర్చుంటూ.

"నిన్నటిది. పళ్ళున్నవాడికి పర్వాలేదు."

"చీఫ్ నీ గురించి చెప్పింది. దేనికీ చలించవట."

"చలి మాత్రం వేస్తుంది."

ఆమె నవ్వింది. గొంతు తగ్గించింది. "తేదీ తెలిసింది. ఆగస్టు పదిహేను. రాజధాని పండగ రోజు. పటాసుల గోలలో గేట్ల శబ్దం ఎవరికీ వినపడదని వాళ్ళ లెక్క. చీఫ్‌కి చెప్పు."

"చేసేదెవరు?"

"ఇంకా తెలీదు. ఒక వారం ఓపిక పట్టు."

పక్క టేబుల్ దగ్గర బట్టతల మనిషి ఒకడు చేపముళ్ళను వరసగా పేర్చుకుంటూ తింటున్నాడు. మీర్నా అతనికి చెయ్యి ఊపింది. "మిస్టర్ స్టోల్. గేట్ల మోటార్లకి కన్సల్టెంట్. అతని మొహం కూడా మిషన్లో ఎక్కించావు కదూ?"

"నిన్ననే ఎక్కించాను."

"ఇంకొక్క సంతకం ఉంది." టాబ్లెట్ ముందుకి జరిపింది. "ఊపిరి పరీక్ష మొదలెడుతున్నాం. మద్యం వాసన తగిలిందా, ఎర్రలైటు. కంట్రోల్ రూమ్ తలుపు తెరుచుకోదు. ఒకటో తారీకు నుంచి అమలు. డైరెక్టరూ, టెక్నీషియనూ ఇద్దరూ ఒప్పుకుంటేనే సాఫ్ట్‌వేర్ తీసుకుంటుందిట."

ఎలిహియో స్క్రీన్ చూశాడు. ఆగస్టు ఒకటి అని ఉంది. ఈ దేశంలో పుట్టినవాడు ఎవడైనా ఆ తేదీ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. బడికి వెళ్ళే పిల్లాణ్ణి అడిగినా పకపకా నవ్వి, కుదరదని చెప్పేవాడు. కానీ అతని కళ్ళకి ఏడాదిగా ఒక అలవాటు పడింది. ఆగస్టు అన్న మాట కనిపిస్తే పక్కకి జారిపోతాయి. అప్పుడూ జారాయి. వేలు మాత్రం బటన్ నొక్కింది.

"థాంక్స్," అంది మీర్నా. "నీతో పని ఎంత సుఖమో."

ఆ సాయంత్రం ఫ్లాస్కు మూత తిప్పి చీఫ్‌కి పదిహేనో తారీకు సంగతి చెప్పబోయాడు. ఆనకట్ట తీగల దగ్గర ట్రాన్స్‌మిటర్ గుర్రుమనడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. రెండు కిలోమీటర్లు నడిచి టెలిఫోన్ బూత్ నుంచి మాట్లాడాడు. అవతల దోన్యా ఒబ్దూలియా రాసుకుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చీఫ్ ఈశ్వరుడి కంటే ఒక మెట్టు కిందే కదా.

*

ఆగస్టు మొదటి రోజు తెల్లవారింది. ఉత్తరపు గాలి దుమ్ము ఎత్తిపోస్తోంది.

ఆ రోజున పరాగ్వేలో పరగడుపునే కర్రులిం తాగాలి. చెరకు సారాయిలో సదాపాకు నలిపి, నిమ్మకాయ పిండి, కొన్ని రోజులు ఊరబెట్టిన మందు. ఆగస్టు నెల బక్క ఆవుల్నీ ముసలివాళ్ళనీ తీసుకుపోతుందని అందరి నమ్మకం. ఈ గుక్క గొంతు దిగినవాళ్ళ జోలికి మాత్రం రాదు. అధికారి తాగుతాడు, పాదిరీ తాగుతాడు, బొట్టు సారాయి ముట్టని ముసలమ్మ కూడా కళ్ళు మూసుకుని మింగుతుంది.

కరుంబేలో దానికో పద్ధతి ఉంది. దిగే షిఫ్టూ, ఎక్కే షిఫ్టూ కంట్రోల్ రూమ్ బయట మెట్ల మీద కలుసుకుంటాయి. వంటావిడ న్యా ఎమెరెన్సియానా కూజా పట్టుకుని వస్తుంది. లోపల ఒక్క మనిషి ఉండాలని రూలు. కానీ ఆగస్టుకి ఎదురుగా ఒక్కణ్ణి వదిలిపెట్టడం పాపమని వాణ్ణీ బయటికి లాక్కొస్తారు. ఆ కాసేపూ ఆనకట్ట తన సంగతి తనే చూసుకుంటుంది. ఏటా జరిగేదే. ఫిర్యాదు చెయ్యాల్సిన అధికారి కూడా ఆ మెట్ల మీదే ఉంటాడు.

"తాగు నాయనా," న్యా ఎమెరెన్సియానా ఎలిహియో చేతిలో చిన్న గ్లాసు పెట్టింది.

సదాపాకు వాసన ముక్కుకి తగిలింది. ప్రతి ఏడూ ఈ గ్లాసు అతనికి అందించింది నిల్సా. తను ముందు తాగి, మొహం చిట్లించి, ఇక నీ వంతు అనేది. అతను గ్లాసు కాసేపు పట్టుకుని, ఎవరూ చూడకుండా మెట్టు మీద పెట్టేశాడు. ఆగస్టు తీసుకుపోతే తీసుకుపోనీ అనుకున్నాడు. అది కోపంతో అనుకున్నది కాదు, వర్షం వస్తుందేమో అనుకున్నట్టు అనుకున్నాడు.

"చాలర్రా, పదండి," దోన్ క్రిస్పులో మూతి తుడుచుకుని టెర్మినల్ ముందు నిలబడి, గొట్టంలోకి ఊదాడు.

ఎర్రలైటు వెలిగింది. "మద్యం గుర్తించబడింది. ప్రవేశం లేదు."

మెట్ల మీద నవ్వులు పేలాయి.

"ఓరి దీని దుంపతెగ! ఇది పాస్టరు గారి మిషనురోయ్!"

"తప్పుకో పెద్దాయనా, నువ్వు కూజా సగం ఖాళీ చేసుంటావు." ఇంకొకడు ఊదాడు. ఎర్రలైటు. మూడోవాడు ఊదాడు. ఎర్రలైటు.

"ఒక్క గుక్కే తాగా గదరా!"

"దానికి గుక్కలెక్క తెలీదురా. ఒక్కడంటే ఒక్కడు పనికొచ్చేవాడు లేడా?"

ఎలిహియో మెదడు చాలా నెమ్మదిగా కదిలింది. ఆ సంతకం, ఆ తేదీ, టాబ్లెట్ ముందుకి జరిపిన ఆకుపచ్చ సిల్కు చెయ్యి వరసగా కళ్ళ ముందుకు వచ్చాయి.

"లోపల ఎవరున్నారు?" అన్నాడు.

"ఎవరుంటారు? అందరం ఇక్కడే ఉన్నాం గదా."

"డైరెక్టరమ్మ వెళ్ళింది," అంది న్యా ఎమెరెన్సియానా. "ఆ బట్టతల దొరగారితో. ఇందాక మీరు కూజా కోసం కొట్టుకుంటుంటే. గ్లాసు ఇవ్వబోయాను. ఆవిడ వద్దంది. మన పిల్లే, మన గడ్డ మీదే పుట్టింది, ఆగస్టు ఒకటిన వద్దంటుందా అని నాకు ఒళ్ళు మండింది."

అప్పుడే దిగువన పెద్ద శబ్దం అయింది. అందరూ రెయిలింగ్ దగ్గరికి పరిగెత్తారు. మొదటి గేటు అర మీటరు లేచి, తెల్లటి నీళ్ళు కిందికి దూకుతున్నాయి. హెచ్చరిక సైరన్ మాత్రం మోగలేదు.

దోన్ క్రిస్పులో మొహంలో రక్తం ఇంకిపోయింది. "పరీక్షకి ఒకటి ఎత్తాడు. ఇప్పుడు అన్నిటికీ ఆదేశం ఇస్తాడు. కౌంట్‌డౌన్ అవగానే ఏడు గేట్లూ లేస్తాయి. పిందో రేవులో... మా అమ్మాయి ఉందయ్యా అక్కడ. పిల్లలు ఇంకా లేచి కూడా ఉండరు."

ఎలిహియో లాప్‌టాప్ తెరిచాడు. అతని పాస్‌వర్డు చెల్లదంది. మీర్నా మార్చేసింది. కరెంటు తీసేస్తే ఉక్కు తలుపు బిగుసుకుపోతుంది, ఆ ఏర్పాటు చేసింది స్వయంగా అతనే. ఆపరేటర్లు తలుపుని భుజాలతో గుద్దుతున్నారు. దోన్ క్రిస్పులో నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి మళ్ళీ ఊదుతున్నాడు. మళ్ళీ మళ్ళీ ఎర్రలైటు.

"జరగండి," అన్నాడు ఎలిహియో.

"నువ్వూ తాగావుగా!"

"తాగలేదు."

న్యా ఎమెరెన్సియానా గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆ క్షణంలో కూడా ఆమెకి గేట్ల కంటే అదే భయంకరంగా తోచినట్టుంది.

అతను మొహం చూపించి ఊదాడు. మిషన్ ఆలోచించింది. పచ్చలైటు వెలిగింది.

"శుభోదయం, నిల్సా. మీ డ్యూటీ మొదలైంది."

ఉద్యోగుల జాబితాలో ఆ పేరు మీర్నా చూసే ఉంటుంది. వంటింట్లో పనిచేసే ఏ మనిషో అనుకుని వదిలేసి ఉంటుంది. ఎలిహియో లోపలికి అడుగుపెట్టాడు. వెనక ఎవరూ దూరేలోపే తలుపు మూసుకుంది.

*

స్టోల్ పానెల్ ముందు కూర్చుని ఉన్నాడు. పెద్ద స్క్రీన్ మీద అంకెలు తగ్గుతున్నాయి. మీర్నా వెనక్కి తిరిగింది. చేతిలో చిన్న పిస్టల్.

"నువ్వా?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. "తాగలేదా?"

"లేదు."

"ఎందుకని?"

"తాగాలనిపించలేదు."

"అయ్యో, ఎలిహియో." ఆ గొంతులో దాదాపు జాలి ఉంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఒకటో తారీకుకి ఒప్పుకోనన్నందుకే నీ ముందువాడు బస్సులో పోయాడు. నీకేం మిగిలిందని పరిగెత్తుకొచ్చావు? వెళ్ళి ఆ మూల కూర్చో. అయిపోయాక నీకూ వాటా ఇప్పిస్తాను."

ఆమె అన్నది నిజమే. అతనికేమీ మిగల్లేదు. భయం కూడా మిగల్లేదు. అందుకే పిస్టల్ వైపు మామూలుగా, బస్సు దాకా నడిచినట్టు నడిచాడు. మీర్నాకి ఆ నడక అర్థం కాలేదు. అర్థం కాక పేల్చింది.

ఎడమ భుజం మీద కాల్చిన ఇనప చువ్వ పెట్టినట్టయింది. చొక్కా తడిసింది. అతను ఆ రక్తం చూశాడు, స్క్రీన్ మీద అంకెలు చూశాడు. ఒక్కసారిగా నోరెండిపోయింది, చెమట పట్టింది. ఇదేమిటో గుర్తుపట్టడానికి అతనికి రెండు క్షణాలు పట్టింది. భయం. చచ్చిపోతానేమోనని భయం. అతనికి చావాలని లేదు. ఆ సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది.

భయపడ్డవాడు పరిగెత్తినట్టు ధైర్యవంతుడు పరిగెత్తలేడు. ఎలిహియో స్టోల్ మీదికి దూకాడు. తన నడుముకి వేలాడుతున్న కేబుల్ చుట్ట అతని మెడకి వేసి కుర్చీలోంచి లేపాడు. అతన్ని తన ముందు అడ్డంగా పెట్టుకున్నాడు.

"కాల్చు మీర్నా!" స్టోల్ గొంతు చించుకున్నాడు.

"నువ్వు అడ్డున్నావు! ఎలా కాల్చను?"

ఎలిహియో అతన్ని నేల మీద ఈడ్చుకుంటూ తలుపు పక్కకి లాగాడు. లోపలి టెర్మినల్ దగ్గరికి. డ్యూటీ దిగేవాళ్ళ టెర్మినల్. స్టోల్‌కి విషయం అర్థమైంది. మెడ వెనక్కి వాల్చి, కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు.

"కళ్ళు స్పష్టంగా కనపడాలి," అంది టెర్మినల్ మర్యాదగా. "దయచేసి మళ్ళీ ప్రయత్నించండి."

స్క్రీన్ మీద అంకెలు ఎర్రగా మారాయి. బీప్, బీప్ అని మోగుతోంది.

"తెరువు!"

"చచ్చినా తెరవను."

మీర్నా పక్కకి జరుగుతూ గురి చూస్తోంది. ఎలిహియో ఎడమ చెయ్యి పనిచెయ్యట్లేదు. కుడి మోచేత్తో స్టోల్‌ని గోడకి అదిమి, నడుం సంచిలోంచి ఫ్లాస్కు లాగి, పళ్ళతో మూత తీశాడు. నిన్న మధ్యాహ్నం పోసిన నీళ్ళు. పరికరాల విభాగం వారి దయవల్ల మంచుగడ్డ కాస్త కరిగినట్టున్నాయి. మొత్తం స్టోల్ కాలర్ లోపలికి, వీపు మీదికి కుమ్మరించాడు.

స్టోల్ కెవ్వుమన్నాడు. కళ్ళు రెండూ కోడిగుడ్లంత తెరుచుకున్నాయి.

"పని ముగిసింది. సెలవు, మిస్టర్ స్టోల్," అంది టెర్మినల్.

బీప్ ఆగిపోయింది. అంకె ఒకటి దగ్గర నిలిచిపోయింది. దాని కింద అక్షరాలు వచ్చాయి: ఆదేశం ఇచ్చిన ఆపరేటర్ డ్యూటీలో లేరు. ఆదేశం రద్దు. దిగువన మొదటి గేటు మూలుగుతూ కిందికి దిగింది.

డ్యూటీ దిగినవాడి కోసం ఉక్కు తలుపు కూడా తెరుచుకుంది. తలుపు అవతల రెండు షిఫ్టుల జనం ఉన్నారు. అందరూ పరగడుపున సారాయి తాగినవాళ్ళే. మీర్నా వాళ్ళని చూసింది, పిస్టల్ చూసుకుంది, లెక్క కుదరదని తెలుసుకుని దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఒక్కమాట, దోన్ క్రిస్పులో," అంది గౌను సర్దుకుంటూ. "నన్ను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దని చెప్పు."

"మేమెందుకు ముట్టుకుంటామమ్మా?" అన్నాడు దోన్ క్రిస్పులో రొప్పుతూ. "న్యా ఎమెరెన్సియానా! ఇలా రా, ఈవిణ్ణి నువ్వు చూసుకో."

మీర్నా మొహంలో మొట్టమొదటిసారి రంగు పోయింది.

*

పోలీసులు వచ్చి ఇద్దర్నీ తీసుకుపోయారు. దోన్ క్రిస్పులో పిందో రేవుకి ఫోన్ చేశాడు. అవతల కూతురు ఆవులిస్తూ, ఇంత పొద్దున్నే ఏం కొంపలు మునిగాయి నాన్నా అని విసుక్కుంది. ఏం లేదమ్మా, ఊరికే చేశాను అని ఫోన్ పెట్టేసి, ఆయన గోడకి తిరిగి నిలబడి చాలాసేపు ముక్కు చీదుకున్నాడు.

ఎలిహియో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. భుజానికి కట్టు కట్టారు. అప్పుడు, ఏడాది ఆలస్యంగా, ఏడుపు వచ్చింది. పెద్దగా, వికారంగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గాయం నొప్పి కాబోలని ఆపరేటర్లు మొహాలు తిప్పుకున్నారు. న్యా ఎమెరెన్సియానా మాత్రం తిప్పుకోలేదు. పక్కన కూర్చుని, ఏడుపు సగం అయ్యాక గ్లాసు అందించింది.

"పొద్దెక్కింది కదా," అన్నాడతను ముక్కు తుడుచుకుంటూ. "ఇప్పుడు తాగితే పనిచేస్తుందా?"

"నెల ఇంకా బోలెడుంది నాయనా. తాగు."

తాగాడు. చేదుగా, ఘాటుగా, గొంతు పొడుగునా మండుకుంటూ దిగింది. మొహం చిట్లించాడు.

వారం తిరక్కుండా దోన్యా ఒబ్దూలియా ఫోన్ చేసింది.

"ఒక చిక్కొచ్చింది, ఎలిహియో. నువ్వు బిగించిన సాఫ్ట్‌వేర్ నెల మొదటి రోజు నివేదిక తనంతట తనే మంత్రిత్వ శాఖకి పంపేసింది. ఎర్రలైటు పడినవాళ్ళందరికీ సంజాయిషీ నోటీసులు వెళ్ళాయి."

"రద్దు చేయించండి, చీఫ్."

"చేయించాను. చిక్కు అది కాదు. మద్యం ముట్టకుండా, వేళకి వచ్చి, డ్యూటీ ఎక్కి, పద్ధతి ప్రకారం డ్యూటీ దిగిన ఏకైక ఆపరేటర్‌గా స్టోల్‌కి మంత్రిగారి సంతకంతో ప్రశంసాపత్రం వచ్చింది. ఫ్రేము కూడా కట్టించారు. దీన్నేం చెయ్యమంటావ్?"

ఎలిహియో కాస్త ఆలోచించాడు.

"జైలుకి పంపించండి, చీఫ్. అక్కడ రోజుకి రెండుసార్లు హాజరు. ఒక్కరోజు కూడా తప్పడు."